పరుగు మానక్కర్లేదు, ఆదివారం బాకీ తీర్చడం మానండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీకు 39 ఏళ్లు, వారానికి నాలుగు రోజులు పరిగెత్తే అలవాటు. ఆఫీసులో రెండు నెలలుగా రిలీజ్ పని. నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నారు. నాలుగేళ్ల పాప రాత్రిళ్లు లేస్తోంది. ఎడమ మడమ వెనక నొప్పి రావడం ఈ ఏడాదిలో ఇది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ మూడు వారాలు పూర్తిగా ఆపేశారు, తగ్గింది, మొదలుపెట్టారు, మళ్లీ వచ్చింది. తొమ్మిది వారాల్లో హాఫ్ మారథాన్ ఉంది. "పరిగెత్తుతూనైనా ఉంటావు, కుంటుతూనైనా ఉంటావు, ఇంట్లో ఉండేదెప్పుడు?" అని మీ ఆవిడ అడిగారు. షూ మార్చాలా, అసలు పరుగే మానేయాలా అన్నది మీ ప్రశ్న.

పరుగు మానక్కర్లేదు. షూ కూడా ఇప్పుడే మార్చొద్దు. మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "వారమంతా కుదరలేదు, అందుకే ఆదివారం పద్దెనిమిది కిలోమీటర్లు కొట్టేశాను." అంతకు ముందు నెలలో మీ అతి పెద్ద రన్ పదకొండు అని ఇంకోచోట రాశారు. ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రన్నర్లే. ఉద్యోగం, ఇల్లు, పరుగు మూడూ మోస్తున్నవాళ్ల నోట దాదాపు ఇదే వాక్యం వింటుంటాను. తప్పిపోయిన రన్‌ను బాకీలా లెక్కేసుకుని, సెలవు రోజున ఒక్కసారిగా తీర్చేస్తారు. మడమ నొప్పి అయినా, మోకాలి నొప్పి అయినా, ఎముక మీద నొప్పి అయినా చాలామందికి మొదలయ్యేది ఆ రోజునే.

2025లో దీని మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 5,205 మంది రన్నర్లను ఏడాదిన్నర పాటు, వాళ్ల వాచీల్లో నమోదైన దూరాలతో సహా గమనించారు. పోయిన వారం మొత్తం కంటే ఈ వారం మొత్తం ఎంత పెరిగింది అన్నదానికీ గాయాలకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. సంబంధం ఉన్నది ఒక్కో రన్ పొడవుతో. గడచిన 30 రోజుల్లోని అతి పెద్ద రన్‌ను ఒకేసారి 10 శాతం మించి దాటినవాళ్లకు గాయాలు పెరిగాయి. రెట్టింపు కూడా దాటినవాళ్లకు ముప్పు రెండు రెట్లకు పైనే ఉంది. మీరు పదకొండు నుంచి పద్దెనిమిదికి వెళ్లారు, అంటే 60 శాతం పైన. వారం మొత్తం తీసుకుంటే మాత్రం మీరు మామూలుకన్నా తక్కువే పరిగెత్తారు. "పెద్దగా పరిగెత్తింది కూడా లేదు, మరి నొప్పెందుకొచ్చింది?" అని మీరు తికమకపడుతున్నది ఇక్కడే.

రెండో సంగతి నిద్ర, ఒత్తిడి. ఇవి మనసుకు సంబంధించినవి, కాలికేం సంబంధం అనుకుంటారు. చాలా ఉంది. 1995లో ఒక పరిశోధన జరిగింది. మతిమరుపు జబ్బుతో ఉన్న ఇంటివాళ్లను చూసుకుంటున్న 13 మంది స్త్రీలనూ, అదే వయసులో అలాంటి భారం లేని మరో 13 మందినీ తీసుకున్నారు. అందరి చేతి మీదా ఒకే సైజు చిన్న గాయం చేసి, మానడానికి ఎన్ని రోజులు పడుతుందో చూశారు. సేవ చేస్తున్నవాళ్లకు సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. 2016లో అమెరికాలో కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన ఇంకో అధ్యయనంలో, పరీక్షలున్న వారాల్లో వాళ్లు గాయపడే అవకాశం చాలా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. రాత్రి రెండున్నరకు పాప లేచి, నాలుగున్నరకు నాన్నగారిని బాత్రూమ్‌కి తీసుకెళ్లి, తొమ్మిదింటికి మీటింగ్‌లో కూర్చున్న మనిషి శరీరం, ఆరు నెలల క్రితం ఎనిమిది గంటలు నిద్రపోయిన అదే మనిషి శరీరంలా కోలుకోదు. ఆ పాత మనిషి పదకొండు కిలోమీటర్లు హాయిగా తట్టుకునేవాడు. ఇప్పుడు మీకు ఎనిమిదే ఎక్కువ కావచ్చు. ఇది మీ బలహీనత కాదు. మీ మీద ఇప్పుడున్న బరువుల్లో పరుగూ ఒకటి, అంతే. మిగతావి పెరిగినప్పుడు ఇది తగ్గాలి. నాన్నగారిని తగ్గించలేం, పాపను తగ్గించలేం, ఉద్యోగాన్ని కొంతవరకే తగ్గించగలం.

ఇప్పుడు కాలి సంగతి. నొప్పి మడమ ఎముకకు పైన, రెండు మూడు వేళ్ల ఎత్తులో ఉందన్నారు. అక్కడ రెండు వేళ్లతో నొక్కితే బాధ, పొద్దున్న మంచం దిగగానే బిగుసుకుపోయినట్టుండి పది నిమిషాలు నడిచాక వదలడం, పరుగు మొదట్లో నొప్పి వచ్చి మధ్యలో తగ్గి మర్నాడు ఎక్కువవడం. ఈ లక్షణాలన్నీ అకిలీస్ టెండన్‌వే. పిక్క కండరాన్ని మడమకు కట్టి ఉంచే లావాటి తాడు అది. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులో దాని మీద శరీర బరువుకు ఆరేడు రెట్లు బలం పడుతుంది.

మూడుసార్లు విశ్రాంతి తీసుకున్నా ఎందుకు తిరగబెట్టింది? విశ్రాంతితో టెండన్ నొప్పి తగ్గుతుంది, బలం రాదు. పైగా ఆ మూడు వారాల్లో పిక్క కండరమూ టెండనూ ఇంకాస్త బలహీనపడతాయి. నొప్పి పోయింది కాబట్టి మీరు పాత దూరానికే తిరిగి వెళ్లారు, కాలు మాత్రం అంతకు ముందున్నంత గట్టిగా కూడా లేదు. ప్రతిసారీ గాయం ఇంకాస్త తక్కువ దూరానికే రావడం మీరు గమనించే ఉంటారు. టెండన్‌కు కావలసింది బరువు. మెల్లగా, క్రమంగా, లెక్క ప్రకారం పెంచే బరువు.

స్వీడన్‌లోని ఉమియోలో హకాన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరు ఉన్నారు. ఆయనకే అకిలీస్ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయించుకుందామంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. టెండన్ పూర్తిగా తెగిపోతే ఇక ఆపరేషన్ చేయక తప్పదు కదా అని, నొప్పి వస్తున్నా మెట్టు అంచున నిలబడి మడమలు కిందికి దించే వ్యాయామం బరువు పెంచుకుంటూ చేశారు. అది తెగలేదు సరికదా, నొప్పి తగ్గింది. అదే పద్ధతిని 15 మంది ఔత్సాహిక క్రీడాకారులతో 12 వారాలు చేయించి 1998లో ప్రచురించారు. అందరూ తిరిగి పరుగులోకి వచ్చారు. ఆ పద్ధతిలో రోజుకు 180 సార్లు మడమ దించాలి. మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితికి అది కుదిరే పని కాదు, చెప్పినా మీరు నాలుగో రోజుకి వదిలేస్తారు. అదృష్టవశాత్తు 2015లో డెన్మార్క్‌లో ఇంకో పద్ధతిని దీనితో పోల్చి చూశారు: వారానికి మూడు రోజులే, ఎక్కువ బరువుతో, నెమ్మదిగా. ఫలితం రెండింటికీ సమానం. సమయం మాత్రం మూడో వంతే. మీకు నేను చెప్పేది ఈ రెండోదే.

ఇలా చేయండి. గోడ ముందు జానెడు దూరంలో నిలబడి, వేళ్ల కొనలు మాత్రం గోడకు ఆనించండి. ఆసరా బ్యాలెన్స్ కోసమే, ఒళ్లు దానిమీద వాల్చకూడదు. రెండు మడమలూ మూడు అంకెలు లెక్కపెట్టే లోపు పైకి, మళ్లీ మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా కిందికి. పైకి లేచినప్పుడు బరువు చిటికెన వేలి వైపు జారిపోతుంది, చాలామంది ఇది గమనించరు. బొటనవేలు మొదటి కణుపు నేలను గట్టిగా నొక్కి ఉండాలి. మొదటి వారం రెండు కాళ్లతో 15 చొప్పున మూడు సెట్లు. అది సులువైపోతే రెండు కాళ్లతో లేచి నొప్పి ఉన్న కాలితో ఒక్కదానితో దిగండి. తర్వాత లేవడమూ దిగడమూ ఒక్క కాలితోనే. ఆ తర్వాత వీపున బ్యాగు వేసుకుని అందులో పుస్తకాలు పెంచుతూ పోండి. బరువు పెరిగేకొద్దీ లెక్క తగ్గుతుంది: 15 నుంచి 12, 10, చివరికి 8. ఎనిమిదోది కష్టంగా లేవాలి. అలవోకగా పదిహేను చేసేస్తున్నారంటే ఆ బరువు మీ టెండన్‌కు చాలడం లేదన్నమాట. ఇదంతా మోకాలు చాపి ఒక విడత, కాస్త వంచి ఒక విడత చేయాలి. మోకాలు వంచినప్పుడు పిక్క లోపలి కండరం పనిచేస్తుంది, పరుగులో ఎక్కువ భారం మోసేది అదే.

మొత్తం ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. ఒకేసారి చేయాలన్న నియమం లేదు. కెమెరా అక్కర్లేని కాల్‌లో ఒక విడత, నాన్నగారి చెకప్‌కి వెళ్లినప్పుడు వరండాలో ఇంకో విడత చేసినా సరిపోతుంది. నా దగ్గరికొచ్చిన ఒకావిడ, పళ్లు తోముకోవడానికి మొండికేసే కొడుకు పక్కన నిలబడి చేసేది. వాడు బ్రష్ నోట్లో పెట్టుకునే అమ్మ మడమలు లెక్కపెట్టేవాడు, తప్పు లెక్కపెడితే మళ్లీ మొదట్నుంచి. ఆవిడ ఒక్క సెట్ కూడా ఎగ్గొట్టలేకపోయింది.

నొప్పి వస్తే ఆపాలా అని తప్పకుండా అడుగుతారు, కాబట్టి ముందే చెబుతున్నాను. సున్నా నుంచి పది దాకా ఒక కొలత పెట్టుకోండి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఊహించగలిగినంత. వ్యాయామంలో కానీ పరుగులో కానీ ఐదు దాకా ఫరవాలేదు. మర్నాడు పొద్దున్నకల్లా అది మామూలు స్థాయికి దిగిపోవాలి, పొద్దుటి బిగువు వారం వారం పెరుగుతూ పోకూడదు. స్వీడన్‌లోనే 2007లో ఈ నియమాన్ని పరీక్షించారు. ఒక గుంపు మొదటి ఆరు వారాలు పరుగు పూర్తిగా ఆపి వ్యాయామం చేసింది. ఇంకో గుంపు ఈ కొలత పాటిస్తూ పరిగెత్తుతూనే అదే వ్యాయామం చేసింది. చివరికి రెండు గుంపులూ ఒకేలా కోలుకున్నాయి. అందుకే పరుగు మానక్కర్లేదని మొదట్లోనే అంత గట్టిగా చెప్పాను. అయితే పరుగు జరుగుతున్నప్పటి నొప్పిని నమ్మొద్దు, ఒళ్లు వేడెక్కితే అది దాక్కుంటుంది. నిజం చెప్పేది మర్నాడు పొద్దున్న మంచం దిగి వేసే మొదటి పది అడుగులు. అప్పటి నొప్పి అంకెను రోజూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

పరుగు రోజు విడిచి రోజే ఉండాలి. గట్టి శ్రమ తర్వాత మొదటి ఒకటి, ఒకటిన్నర రోజులు టెండన్‌లో కొత్త కొల్లాజెన్ (టెండన్‌కు గట్టిదనమిచ్చే ప్రోటీన్) చేరడం కన్నా పాతది విడిపోవడమే ఎక్కువగా జరుగుతుంది. ఆ తర్వాతే తిరిగి కట్టుకోవడం పైచేయి అవుతుంది. వరసగా శని, ఆదివారాలు పరిగెత్తేవాళ్లు ఆ కట్టుకునే సమయాన్ని కోసేస్తున్నారు. మొదటి వారం నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిదిసార్లు. పొద్దుటి అంకె పెరగకపోతే పరుగు భాగాన్ని కొద్దికొద్దిగా పెంచండి. చదును నేల మీద, నెమ్మదిగా. దూరం కన్నా వేగమూ ఎత్తూ అకిలీస్‌ను ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఒక్క కాలితో ఇరవై ఐదుసార్లు మడమ శుభ్రంగా లేపగలిగే దాకా గుట్టలూ ఇంటర్వల్సూ (మధ్యమధ్య విరామంతో వేగంగా పరిగెత్తడం) వద్దు.

తొమ్మిది వారాల తర్వాతి హాఫ్ మారథాన్ వదిలేయండి. మీరు ఇది వినడానికి ఇష్టపడరని తెలుసు. కాలు ఒక్కటే సమస్య అయితే "ఆరో వారానికి పన్నెండు కిలోమీటర్లు సాఫీగా వెళ్తే చూద్దాం" అనేవాణ్ని. మీ నిద్ర నాలుగైదు గంటలు, అదీ ముక్కలుముక్కలుగా. తేదీ నెత్తిమీద ఉన్నంతకాలం మీరు ఆదివారం బాకీలు తీరుస్తూనే ఉంటారు. తేదీ తీసేస్తే ఆ ఒత్తిడి పోతుంది. ఫిట్‌నెస్ పోతుందన్న భయం పెట్టుకోకండి. బాగా శిక్షణ పొందినవాళ్ల మీద 1984లో చేసిన పరిశోధనలో, పూర్తిగా మానేసినా మూడు వారాలకు తగ్గిన ఆక్సిజన్ సామర్థ్యం 7 శాతమే. మీరు పూర్తిగా మానడం లేదు కూడా. ఊపిరి సంగతి కొన్ని వారాల్లో తిరిగొస్తుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. మూడు నాలుగు నెలల లెక్కతో కూర్చోండి.

షూ గురించి క్లుప్తంగా. ఇప్పుడున్నవి సౌకర్యంగా ఉంటే అవే వాడండి. మడమ దగ్గర పల్చగా, ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండే షూకి మాత్రం ఇప్పుడు మారొద్దు, అకిలీస్ మీద బరువు పెరుగుతుంది. రెండు షూల్లోనూ మడమ కింద చిన్న హీల్ లిఫ్ట్ (మడమను కాస్త ఎత్తే మెత్త) పెడితే మొదటి కొన్ని వారాలు ఉపశమనంగా ఉంటుంది. ఆఫీసుకు వేసుకునే వాటిలోనూ పెట్టుకోండి. ఖరీదైన ఇన్‌సోల్స్‌తో ఈ మూడోసారి నొప్పి నాలుగోసారి కాకుండా పోదు.

వారం ఎలా నడపాలో చెబుతాను, ఎందుకంటే మీ అసలు ఇబ్బంది అక్కడే ఉంది. నాలుగు రన్‌ల ప్లాన్ పెట్టుకుని రెండే చేసి ఓడిపోయినట్టు బాధపడే బదులు, ఆదివారం రాత్రి రాబోయే వారాన్ని చూసి అప్పుడే నిర్ణయించండి. రిలీజ్ వారమా? అయితే రెండు చిన్న రన్‌లు, రెండు విడతల మడమ వ్యాయామం. అంతే ఆ వారం ప్లాన్. అది పూర్తయితే ఆ వారం పూర్తయినట్టే. నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే వ్యాయామం మాత్రమే. తప్పిపోయినది తప్పిపోయినట్టే వదిలేయండి, పక్క రోజుకి జరపకండి, రెండు రన్‌లు కలిపి ఒకటి చేయకండి. ఏ రన్ అయినా గత 30 రోజుల్లోని అతి పెద్దదానికి పదో వంతుకు మించి ఎక్కువ ఉండకూడదు. అంటే ఇప్పుడు ఐదు కిలోమీటర్లు మీ పెద్ద రన్ అయితే, తర్వాతిది ఐదున్నర. సెలవు రోజు ఒళ్లు తేలిగ్గా ఉండి ఇంకా వెళ్లాలనిపిస్తుంది. మిగతా సమయం నడవండి.

రాత్రి ఐదు గంటలు కూడా నిద్ర పట్టకపోతే ఆ పొద్దున అలారం ఆపేసి పడుకోండి. ఇది బద్ధకం కింద లెక్క కాదు. ఆ గంట నిద్ర ఆ రోజు మీ కాలికి పరుగు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. మీ ఆవిడా మీరూ రాత్రి డ్యూటీ వంతులు వేసుకుని, ఒకరు పడుకున్న రాత్రి ఇంకొకరు లేచేలా చూసుకుంటే, ముక్కల నిద్ర ఇద్దరికీ కాక ఒక్కరికే, అదీ రోజు విడిచి రోజే అవుతుంది. పరుగు రోజును బాగా పడుకున్న రాత్రి తర్వాతికి పెట్టుకోండి.

మీ ఆవిడ మాట గురించి. దాన్ని పరుగు మీద ఫిర్యాదుగా మీరు తీసుకున్నట్టున్నారు. నాకలా అనిపించలేదు. ఆ ఆదివారం పద్దెనిమిది కిలోమీటర్లకు రెండు గంటలు, తిరిగొచ్చి ఐస్ పెట్టుకుని కూర్చోవడానికి ఇంకో గంట, మధ్యాహ్నం అలసి పడుకోవడం. ఆ రోజు నాన్నగారిని లేపింది, పాపకు స్నానం చేయించింది, మందులు గుర్తు పెట్టుకుంది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఆ మాట ఒక మనిషి అలసట లోంచి వచ్చింది. ఇద్దరూ కూర్చుని వారం చూసేటప్పుడు మీ రన్‌ల కన్నా ముందు ఆవిడకు పూర్తిగా ఖాళీగా ఉండే గంటలు ఏవో రాయండి. ఆ సమయంలో ఆవిడ ఏం చేస్తారన్నది ఆవిడ ఇష్టం, పడుకున్నా సరే. ఆ తర్వాత మీ ముప్పై ఐదు నిమిషాలు అడగండి. ఎప్పుడు వెళ్తారో, ఎప్పుడు వస్తారో చెప్పి, చెప్పిన వేళకి తలుపు తీయండి. ఎప్పుడు తిరిగొస్తారో తెలియని గంటన్నర కన్నా, ఖాయంగా తెలిసిన ముప్పై ఐదు నిమిషాలు ఇంట్లోవాళ్లకు చాలా తేలిక.

ఇంకొకటి. పరుగు ఆగినప్పుడు మీకు చిరాకు పెరుగుతుంది, పాప మీద విసుక్కుంటారు. రోజూ పరిగెత్తే అలవాటున్న ఎవరికైనా ఇది సహజమే. ఆ విషయం ఇంట్లో మాటల్లో చెప్పండి: "ఈ వారం రన్ లేదు, నాకు చికాగ్గా ఉంది, మీ వల్ల కాదు." ఈ ఒక్క మాట చెప్పాక ఇంట్లో ఎంత తేడా వచ్చిందో నాకు వచ్చి చెప్పినవాళ్లున్నారు. కాలి నొప్పి గురించి మాత్రం గంటకోసారి చెప్పకండి. దానికి ఫోన్‌లో అంకె ఉంది.

ఇదే తరహా జీవితంతో, మోకాలి చిప్ప చుట్టూ నొప్పితో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుండొచ్చు. వాళ్లకు ఒక మంచి వార్త. 2018లో కెనడాలో ఆ నొప్పి ఉన్న రన్నర్లను మూడు గుంపులు చేశారు. పరుగు ఎంత, ఎలా తగ్గించి పెంచుకోవాలో చెప్పడం మూడు గుంపులకూ జరిగింది. ఒక గుంపుకు అదనంగా వ్యాయామాలు, ఇంకో గుంపుకు పరుగు తీరు మార్చడం నేర్పారు. మూడు గుంపులూ ఒకేలా మెరుగుపడ్డాయి. అంటే లెక్క సరిచేసుకోవడమే సగానికి పైగా వైద్యం. అడుగులు కాస్త పొట్టిగా, నిమిషానికి ఐదు నుంచి పది శాతం ఎక్కువ వేస్తే మోకాలి మీద బరువు తగ్గుతుందన్నది కూడా గట్టిగా తేలిన విషయమే.

కాలి ముందు ఎముక మీద నొప్పి అయితే జాగ్రత్త. ఎముక వెంట జానెడు మేర విస్తరించి ఉండే నొప్పి వేరు, ఒకే చోట వేలి కొనతో చూపించగలిగే నొప్పి వేరు. రెండోది ఎముకలో సన్నని పగులు కావచ్చు. ఒంటికాలి మీద గెంతితే పోటు, రాత్రి పడుకున్నా సలుపు ఉంటే పరుగు ఆ రోజే ఆపి డాక్టరును కలవండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, ఎమ్మారైలో కనబడుతుంది. గజ్జల్లో లోతుగా నొప్పి వచ్చినా అంతే, తుంటి ఎముక మెడ దగ్గరి పగులుతో పరిగెత్తితే అది పూర్తిగా విరగొచ్చు. స్త్రీలలో నెలసరి తప్పుతూ ఎముక నొప్పి వస్తుంటే ఒంటికి చాలినంత తిండి పడడం లేదేమో చూడాలి. ఆ సంగతి మొదటి విజిట్‌లోనే చెప్పండి.

మీ విషయంలో ఇవి జరిగితే నేను చెప్పినదంతా పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెనక నుంచి ఎవరో తన్నినట్టు టప్‌మని శబ్దం వచ్చి మడమ ఎత్తలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. పిక్క వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. గంటలకొద్దీ కూర్చుని పనిచేసేవాళ్లు దీన్ని కండరం పట్టేసిందని కొట్టిపారేయకూడదు. ఊపిరి ఆడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే. అంత తొందర లేకపోయినా, రెండు మడమలూ అరగంటకు పైగా బిగుసుకుపోయి, నడుమూ పట్టేస్తుంటే కీళ్లవాతం డాక్టరుకు చూపించాలి. ఈ మధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడారేమో కూడా గుర్తు చేసుకోండి. అవి టెండన్‌ను దెబ్బతీయగలవని 2008లోనే అమెరికా ఔషధ సంస్థ ఆ మందుల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. వాడి ఉంటే డాక్టరుకు చెప్పకుండా బరువు వ్యాయామం మొదలుపెట్టొద్దు.

నొప్పి మడమ ఎముక మీదికి, షూ వెనక అంచు రాసుకునే చోటికి మారితే వ్యాయామంలో ఒక జాగ్రత్త పాటించాలి. మడమను నేల మట్టానికి కిందికి, అంటే మెట్టు అంచు కిందికి దించకూడదు. అక్కడ టెండన్ ఎముకకు ఒత్తుకుని నొప్పి పెరుగుతుంది. నేల మీదే చేయండి, పిక్క సాగదీయడాలు ఆపేయండి.

రేపే మొదలుపెట్టండి. ముందుగా మంచి కాలితోనూ, నొప్పి కాలితోనూ ఒక్కో కాలి మీద ఎన్ని మడమలు లేపగలరో లెక్కపెట్టి రాసుకోండి. కుడికి 22, ఎడమకు 9 లాంటి తేడా వస్తే ఆశ్చర్యపోకండి, మూడుసార్లు విశ్రాంతి తీసుకున్న కాలికి అది మామూలే. రెండు వారాల తర్వాత మూడు సంగతులు రాయండి: పొద్దుటి నొప్పి అంకె ఎలా మారింది, రెండు కాళ్ల లెక్క ఎంతకు వచ్చింది, రాత్రికి సగటున ఎన్ని గంటలు పడుకుంటున్నారు. మొదటి రెండూ మెరుగుపడుతుంటే నిమిషం పరుగును మూడు నిమిషాలు చేద్దాం. నిద్ర ఇంకా ఐదు గంటల లోపే ఉంటే పరుగు అక్కడే ఉంచి వ్యాయామం బరువు మాత్రం పెంచుదాం.